నవలకు ముందే ప్రణాళిక ఉండాలా, రాస్తూ పోవాలా?

పిల్లకాలువ (ఆదివారం, ఉదయం 10.15)

మిత్రులందరికీ నమస్కారం. ఐదేళ్ళలో రెండు నవలలు మొదలుపెట్టి, రెండింటినీ సగంలో వదిలేసినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న అడిగే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. మొదటి నవలకు ఒక్క వాక్యమైనా రాయకముందే నాలుగు నెలలు కూర్చుని 34 అధ్యాయాలకూ ప్రణాళిక వేసుకున్నాను. ఏ అధ్యాయంలో ఎవరు వస్తారో, ఏ రహస్యం బయటపడుతుందో, అధ్యాయం ఏ వాక్యంతో ముగుస్తుందో కూడా కార్డుల మీద రాసి గోడకు అంటించాను. పదకొండో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి రాయడమంటే దరఖాస్తు ఫారంలో గళ్ళు నింపడంలా తయారైంది. జరగబోయేదంతా తెలిసిపోయిన కథ మీద ముందుగా ఆసక్తి పోయింది నాకే.

ఆ విసుగుతో రెండో నవలకు ఏ ప్రణాళికా వద్దనుకుని, కళ్ళ ముందు ఆడిన ఒక దృశ్యాన్ని పట్టుకుని మొదలుపెట్టాను. మూడు నెలలు హాయిగా సాగింది. అరవై వేల పదాలు దాటాక మొదటినుంచి చదువుకుంటే, ఒకే పని చేసే పాత్రలు ఇద్దరు కనిపించారు. మొదటి అధ్యాయంలో చనిపోయాడని చెప్పిన మేనమామ ఏడో అధ్యాయంలో ఉత్తరం రాస్తున్నాడు. కథ మూడు చోట్ల మొదలవుతోంది గానీ ముగింపు వైపు ఒక్కచోటా తిరగడం లేదు.

ప్రణాళిక వేస్తే కథ బిగుసుకుపోతోంది, వెయ్యకపోతే చెదిరిపోతోంది. ఇప్పుడు మళ్ళీ మొదటి నవలనే చేతిలోకి తీసుకున్నాను. మీరెలా రాస్తారో, ఎందుకలా రాస్తారో దయచేసి వివరంగా చెప్పగలరు.

నూలుపోగు (ఆదివారం, ఉదయం 11.40)

పిల్లకాలువ గారూ, నేను అపరాధ పరిశోధక కథలు రాస్తాను కాబట్టి నా జవాబు ఒకవైపు మొగ్గి ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను. ప్రణాళిక లేకపోతే నా కథ నిలబడదు. హంతకుడెవరో తెలిశాక పాఠకుడు వెనక్కి వెళ్ళి మూడో అధ్యాయం తిరగేస్తే ఆధారం అక్కడ కళ్ళెదుటే ఉండాలి, కానీ మొదటిసారి చదివినప్పుడు అది కంటికి ఆనకూడదు. ఈ రెండు పనులూ ఒకే వాక్యం చేత చేయించాలంటే ముగింపు తెలియకుండా కుదరదు. అందుకే నేను నేరం జరిగిన రోజున ఎవరు ఏ గంటకు ఎక్కడున్నారో ముందు రాసుకుని, అక్కడినుంచి కథ మొదటికి వెనక్కి నడుస్తాను.

అయితే మీ పొరపాటు ప్రణాళిక వెయ్యడంలో లేదని, ఆఖరి వాక్యాల దాకా నిర్ణయించి పెట్టుకోవడంలో ఉందని నాకనిపిస్తోంది. అగాథా క్రిస్టీ నోటుపుస్తకాలు 73 మిగిలాయి. అంత పకడ్బందీగా కథలల్లిన రచయిత్రి పుస్తకాలు ఎంత పద్ధతిగా ఉంటాయో అనుకుంటాం గానీ, అవన్నీ చిందరవందరగా ఉంటాయి. ఒక పేజీలో కథకు సంబంధించిన ఆలోచన, దాని పక్కనే కొనవలసిన సామాన్ల జాబితా, ఒకే చిక్కుకు ఏ, బీ, సీ అంటూ మూడు నాలుగు దారులు, హంతకుడు ఫలానావారైతే ఎలా ఉంటుంది, కాకపోతే ఎలా ఉంటుంది అన్న తర్జనభర్జన. ప్రణాళిక అనగానే మనకు ఇంజనీరు గీసిన నక్షా గుర్తుకొస్తుంది. ఆవిడకు మాత్రం అది తనతో తాను వాదించుకునే చోటు.

అర్ధవిరామం (ఆదివారం, మధ్యాహ్నం 1.05)

నూలుపోగు గారి పద్ధతి అపరాధ పరిశోధనకు సరిపోతుంది, కానీ కథలన్నీ పొడుపుకథలు కావు. ముందే తెలిసిన విషయాన్ని రాయడానికి నేను కూర్చోను. ఒక వాక్యం రాసిన తర్వాతే దాని పక్కన ఏ వాక్యం పడుతుందో నాకు తెలుస్తుంది. ఆ తెలియకపోవడమే నన్ను మర్నాడు మళ్ళీ బల్ల దగ్గరికి లాక్కొస్తుంది.

కాఫ్కా 1912 సెప్టెంబరు 22 రాత్రి పది గంటలకు కూర్చుని, తెల్లవారి ఆరు గంటలకల్లా ఒక పూర్తి కథ రాసి లేచాడు. కూర్చుని కూర్చుని బిగుసుకుపోయిన కాళ్ళను బల్ల కిందినుంచి బయటికి తీయలేకపోయానని, రాయడమంటూ ఉంటే ఇలా దేహమూ మనసూ పూర్తిగా తెరుచుకుని ఒకే ఊపులో సాగాలని ఆయన డైరీలో రాసుకున్నాడు. ఆ కథే ‘తీర్పు’. దానికి ముందు గోడ మీద కార్డులేమీ లేవు.

పిల్లకాలువ గారు నొచ్చుకోరనే నమ్మకంతో ఇంకొక మాట కూడా అంటాను. నాలుగు నెలలు కార్డులు రాయడం నవల రాయడం కాదు. నవల రాయకుండా ఉండటానికి దొరికిన గౌరవప్రదమైన సాకు అది.

గడియారపుముల్లు (ఆదివారం, సాయంత్రం 4.30)

సాకు అన్న మాట కొంత కటువుగా ఉన్నా అందులో నిజం లేకపోలేదు. నేను కూడా అర్ధవిరామం గారి దారిలోనే నడిచేవాణ్ణి, ఒక వారపత్రికకు ధారావాహిక రాసేవరకు.

ఆ ధారావాహిక తొమ్మిదో వారంలో ఊపు మీదుండి ఒక ముసలి గుమాస్తాను చంపేశాను. సన్నివేశం బాగా పండింది, పాఠకుల దగ్గరినుంచి ఉత్తరాలు కూడా వచ్చాయి. ఇరవయ్యో వారానికి వచ్చేసరికి వీలునామా మీద సాక్షి సంతకం ఎవరిదన్న ప్రశ్న కథలో తలెత్తింది. లెక్క ప్రకారం ఆ సంతకం చేయదగినవాడు ఆ గుమాస్తా ఒక్కడే, అతను నోరు తెరిచి చెబితే తప్ప కథ ముడి విడదు. అచ్చయి చేతులు మారిపోయిన సంచికను వెనక్కి పిలిపించలేం కదా. చివరికి ఆ గుమాస్తాకు అచ్చం అతనిలాగే ఉండే తమ్ముణ్ణి ఒకణ్ణి పుట్టించాను. పాఠకులు ఈసారి కూడా ఉత్తరాలు రాశారు, కానీ వాటిని ఇక్కడ ఉదాహరించలేను.

ఆనాటినుంచి నేను పెట్టుకున్న నియమం ఇంతే: వెనక్కి వెళ్ళి దిద్దుకునే వీలు లేనివాటిని ముందే ఆలోచించాలి, దిద్దుకోగలిగినవాటిని రాస్తూ తేల్చుకోవచ్చు. ధారావాహికలో చావు దిద్దుకునే వీలు లేనిది. అదే చావు నవల చిత్తుప్రతిలో జరిగితే ఒక్క గీతతో పోతుంది.

పాతసిరా (ఆదివారం, రాత్రి 8.50)

గడియారపుముల్లు గారి గుమాస్తా కథ చదవగానే నాకు డికెన్స్ పనితీరు గుర్తుకొచ్చింది. ఆయన నవలలు చాలావరకు నెలకొక సంచికగా, ఒక్కో సంచిక 32 పేజీల చొప్పున వెలువడేవి. మొదట్లో ఊహను నమ్ముకుని సాగిపోయిన ఆయన, 1846లో మొదలైన ‘డాంబీ అండ్ సన్’ నుంచి ప్రతి సంచికకూ ఒక కాగితం తయారుచేసుకోవడం అలవాటుగా పెట్టుకున్నారు. ఆ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి, వాటిని అచ్చువేశారు కూడా. కాగితాన్ని నిలువుగా రెండు సగాలు చేసేవారు. కుడివైపున ఆ నెల రాబోయే అధ్యాయాల శీర్షికలు, వాటిలోని ముఖ్యాంశాలు ఉండేవి. ఎడమవైపున తనకు తాను వేసుకున్న ప్రశ్నలుండేవి: ఫలానా పాత్రను ఈ నెల తీసుకురావాలా, ఫలానా సంగతి ఇప్పుడే చెప్పెయ్యాలా అని. ఆ ప్రశ్నల పక్కనే తర్వాత ఎప్పుడో వేరే ఊపులో రాసిన జవాబులుంటాయి: అవును, వద్దు, ఇప్పుడే కాదు, వచ్చే సంచికకు.

నాకు ఆ కాగితంలో అన్నిటికంటె విలువైనవిగా కనిపించేవి ఆ ‘ఇప్పుడే కాదు’లే. పిల్లకాలువ గారి గోడ మీద 34 కార్డులున్నాయన్నారు. వాటిలో ఎన్నింటి మీద ప్రశ్నార్థకం ఉందో ఒకసారి చూసుకోమని మనవి.

అంత జాగ్రత్తగా వేసుకున్న ప్రణాళికను కూడా ఆయన అవసరం పడితే పక్కన పెట్టగలిగేవారు. ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ సంచికలుగా వస్తున్న రోజుల్లో, ఒక చెడ్డ పాత్రలో తన పోలికలు చూసి నొచ్చుకున్న ఒక మహిళ ఆయనకు ఉత్తరం రాసింది. ఆయన క్షమాపణ చెప్పుకుని, తర్వాతి సంచికల్లో ఆ పాత్రను మంచి మనసున్న మనిషిగా మార్చేశారు. అతుకు కనబడుతుందా అంటే కొంచెం కనబడుతుంది.

కొసమెరుపు (ఆదివారం, రాత్రి 10.10)

నిడివి సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? ఎనిమిది పేజీల కథ మొత్తం ఒకేసారి తలలో పడుతుంది, దానికి కాగితం మీద ప్రణాళిక ఎందుకు? నాలుగు వందల పేజీల నవల ఎవరి తలలోనూ ఒకేసారి పట్టదు. కాఫ్కా ‘తీర్పు’ ఒక్క రాత్రిలో పూర్తయిందంటే అది చిన్న కథ కాబట్టి పూర్తయింది. ఆయన నవలలు మూడూ అసంపూర్ణంగానే మిగిలిపోయాయి.

అర్ధవిరామం (సోమవారం, ఉదయం 7.20)

కొసమెరుపు గారు వేసిన దెబ్బ గట్టిగానే తగిలింది, ఒప్పుకుంటున్నాను. నాకు వ్యతిరేకంగా పనికొచ్చే సంగతి ఇంకొకటి నేనే చెబుతాను. 1914లో ‘విచారణ’ మొదలుపెట్టినప్పుడు కాఫ్కా మొదటి అధ్యాయంతో పాటు చివరి అధ్యాయం కూడా తొలిదశలోనే రాసేశాడు. అంతకుముందు నవల చేజారిపోయిన అనుభవం ఉంది కాబట్టి ఈసారి ముందుగా గట్టు కట్టుకున్నాడని అనుకోవచ్చు. గట్టు ఉన్నా నవల పూర్తి కాలేదన్నది వేరే సంగతి, దాన్ని నేను నా ఖాతాలో వేసుకుంటాను.

ప్రణాళిక వేశామని చెప్పేవాళ్ళందరినీ మాత్రం నమ్మకండి. ఎడ్గార్ ఆలన్ పో 1845లో తనకు పేరు తెచ్చిన కాకి కవితను అచ్చువేసి, మరుసటి ఏడు దాన్ని తానెలా నిర్మించాడో వివరిస్తూ వ్యాసం రాశాడు. ముందు నిడివి వంద పాదాలన్నాడు, తర్వాత కలగవలసిన భావం విషాదమన్నాడు, ఆ తర్వాత పల్లవిగా తిరిగి తిరిగి వచ్చే మాటలో ఏ ధ్వనులుండాలో నిర్ణయించానన్నాడు, అంతా లెక్కల పుస్తకంలా చెప్పుకొచ్చాడు. ఆ వ్యాసం చదివిన వాళ్ళలో చాలామందికి అది కవిత పూర్తయ్యాక కట్టిన కథేనని అనుమానం.

పాతసిరా (సోమవారం, ఉదయం 9.00)

అటువైపు వాళ్ళనూ అంత తేలిగ్గా నమ్మనవసరం లేదు. అమెరికన్ రచయిత జాక్ కెరువాక్ 1951 ఏప్రిల్‌లో కాగితాలు అతికించి చేసిన 120 అడుగుల చుట్ట మీద మూడు వారాల్లో ‘ఆన్ ది రోడ్’ నవల టైపు చేసిపారేశాడన్నది అందరూ చెప్పుకునే కథ. ఆ మూడు వారాలు నిజమే. అంతకుముందు కొన్నేళ్ళుగా నోటుపుస్తకాలు నింపడం, అదే నవలను రెండు మూడు రకాలుగా మొదలుపెట్టి వదిలేయడం కూడా నిజమే. పుస్తకం అచ్చయింది 1957లో, మధ్యలో ఎన్నో దిద్దుబాట్లు జరిగాక. ధార కట్టిన ఆ మూడు వారాల వెనుక చెరువు నిండిన కాలం ఉంది.

ఛందోబంధు (సోమవారం, మధ్యాహ్నం 12.30)

ఈ చర్చ పడమటి రచయితల చుట్టూనే తిరుగుతోంది. ఆశువు, ధార, ధారణ అన్న మాటలు పుట్టిన భాషలో ఈ ప్రశ్నకు మన దగ్గర ఏముందో కూడా చూద్దాం.

ఆశువంటే ఏ ముందస్తు ఆలోచనా లేకుండా చెప్పడమని సాధారణంగా అనుకుంటాం. పద్యం చెప్పడానికి ప్రయత్నించినవారికి సంగతి వేరుగా తెలుసు. ఉత్పలమాల ఎత్తుకున్నారనుకోండి. మొదటి పాదంలో రెండో అక్షరంగా ‘ల’ పడిందంటే, తక్కిన మూడు పాదాలలోనూ రెండో అక్షరం లకారమే కావలసిందే. నోటికొచ్చిన మొదటి మాట నాలుగు పాదాలకూ శాసనమైపోతుంది. యతి స్థానం ఇంకొక కట్టు. కవి ఏ ప్రణాళికా లేకుండానే మొదలుపెట్టాడు, కానీ మొదలుపెట్టిన క్షణంలోనే ప్రణాళిక పడిపోయింది. నాలుగో పాదం చివరికి ఎక్కడ తేలాలో ముందుగా ఊహించనివాడు మూడో పాదంలో దొరికిపోతాడు. కొందరు అవధానులు సమస్యాపూరణంలో ఇచ్చిన పాదాన్ని ముందు పెట్టుకుని, దాని ప్రాసను బట్టి పైపాదాలు వెనకనుంచి అల్లుకుంటూ రావడం గమనించాను. నూలుపోగు గారు హంతకుడి దగ్గరినుంచి మొదటి అధ్యాయానికి నడవడం సరిగ్గా ఇటువంటిదే.

అష్టావధానంలో ఇంకొక మెలిక ఉంది. పద్యం ఒకేసారి పూర్తి కాదు. ఒక్కొక్క పృచ్ఛకునికి, అంటే ప్రశ్న వేసినవారికి, ఒక్కొక్క పాదం చొప్పున నాలుగు ఆవృత్తాలలో చెప్పాలి, మధ్యలో అప్రస్తుత ప్రసంగం అడ్డం వస్తూనే ఉంటుంది. వర్ణనకు మొదటి పాదం చెప్పి, మిగతావారందరినీ చుట్టివచ్చి, రెండో పాదం ఎత్తుకునేసరికి ఊపు చల్లారి ఉంటుంది. మళ్ళీ అందుకోవడానికి పనికొచ్చేది ధారణ, అంటే చెప్పినదాన్ని మనసులో నిలుపుకోవడం. నవలాకారుడు నిన్న ఆపినచోట ఇవాళ కూర్చున్నప్పుడు పడే అవస్థ కూడా ఇదే. చాలామందికి ప్రణాళిక ఆ అవస్థలో ధారణకు బదులుగా పనికొస్తుందని నా అభిప్రాయం.

రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో కవికి దినచర్య చెబుతూ పగటిని నాలుగు ప్రహరాలుగా పంచాడు: మొదటి దానిలో చదువు, రెండో దానిలో రచన, మూడో దానిలో గోష్ఠి. నాలుగో ప్రహరంలో కవి ఒంటరిగానో, కొద్దిమందితో కలిసో, పూర్వాహ్ణంలో తాను రాసినదాన్ని పరీక్షించుకోవాలన్నాడు. కారణం కూడా చెప్పాడు. రసావేశంతో రాస్తున్నవాడికి ఆ సమయంలో వివేచన చేసే చూపు ఉండదు. వెయ్యేళ్ళ కిందట ఆయన ఆవేశాన్నీ వివేచననూ పోటీకి నిలబెట్టలేదు, చెరొక పూట కేటాయించాడు. నాకు ఆ పంపకం నచ్చుతుంది.

పిల్లకాలువ (సోమవారం, రాత్రి 9.15)

అందరికీ ధన్యవాదాలు. పాతసిరా గారు చెప్పినట్టు కార్డులన్నీ చూశాను. ఒక్కదాని మీద కూడా ప్రశ్నార్థకం లేదు.

నేను ఆగిపోయిన పదకొండో అధ్యాయం సంగతి చెబుతాను. తండ్రి పోయాక, ఇల్లు అమ్మే విషయం మాట్లాడటానికి అక్క ఊరినుంచి వస్తుంది. ఇల్లు అంతకుముందే ఇంకొకరికి ఇస్తానని తమ్ముడు ఆమెకు తెలియకుండా మాట ఇచ్చేశాడు. కార్డు మీద నేను రాసుకున్నది: ‘అక్కాతమ్ముళ్ళ తగాదా. ఆమె రాత్రికి రాత్రే వెళ్ళిపోతుంది.’ రాయడం మొదలుపెట్టాక ఏమైందంటే, ఆమె వచ్చేసరికి తమ్ముడు పెరటి తలుపు గడియ బిగిస్తున్నాడు. చీకటి పడింది. మరమేకు పొట్టిదై చెక్కలో నిలవడం లేదు. “ఆ టార్చి కాస్త పట్టుకో అక్కా” అన్నాడు. ఆమె చేతిలోని సంచి కింద పెట్టి టార్చి పట్టుకుంది. ఇద్దరూ ఆ మేకు వైపే చూస్తున్నారు. అక్కడినుంచి తగాదా ఎంతకీ రాలేదు.

కార్డు మీద ఉంది కదా అని నేనే తగాదా తెచ్చిపెట్టాను. “నాన్న పోయినప్పుడు నువ్వెక్కడున్నావు?” అని ఆమె అనడం, దానికతను అరపేజీ ఉపన్యాసం ఇవ్వడం. ఇప్పుడు చదివితే ఇద్దరూ నా కార్డును వల్లెవేస్తున్నట్టుంది. టార్చి ఏమైందో నాకే తెలియదు.

రెండోప్రతి (మంగళవారం, ఉదయం 8.40)

నేను ఇతరుల రాతప్రతులు సరిచూసే పనిలో ఉన్నాను. చదివేటప్పుడు ఎక్కడ కార్డు మాట్లాడుతోందో, ఎక్కడ మనిషి మాట్లాడుతున్నాడో సాధారణంగా మూడు వాక్యాల్లో తెలిసిపోతుంది. మీ టార్చి దగ్గర మనిషి ఉన్నాడు. కాబట్టి దాన్ని వదులుకోకండి.

అయితే ఆ ఒక్క కారణం చేత కార్డులన్నీ పీకేయమని నేను సలహా ఇవ్వను. ప్రణాళిక, రాత, దిద్దుబాటు ఒకదాని తర్వాత ఒకటి వరసగా వచ్చే దశలని మనకు మొదటినుంచి నేర్పారు. లిండా ఫ్లవర్, జాన్ హేస్ అనే పరిశోధకులు, రాస్తున్నవారి చేత మనసులోని ఆలోచనలను పైకి చెప్పించి నమోదు చేసి, 1981లో ప్రచురించిన వ్యాసంలో ఆ వరసను కాదన్నారు. రాసేవాడు వాక్యం మధ్యలో ఆగి ప్రణాళిక మార్చుకుంటాడు, దిద్దుతూ దిద్దుతూ కొత్త లక్ష్యం పెట్టుకుంటాడు, ఈ మూడూ ఒకదానిలోంచి ఒకటి పుడుతూనే ఉంటాయి. నేను చూసే రాతప్రతుల్లో ఇది నిత్యం కనిపించేదే.

దీనికి నాకు అన్నిటికంటె ఇష్టమైన సాక్ష్యం టాల్‌స్టాయ్‌ది. ‘అన్నా కరేనినా’లో వ్రాన్‌స్కీ తనను తాను కాల్చుకునే ఘట్టం ఆయన ముందు అనుకున్నది కాదు. ఆ అధ్యాయం రాసి చాలాకాలమైందని, దాన్ని సరిదిద్దడానికి కూర్చుంటే తనకే ఆశ్చర్యం కలిగేలా, కానీ ఏ సందేహానికీ తావులేకుండా, వ్రాన్‌స్కీ తుపాకీ పేల్చుకున్నాడని 1876లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో చెప్పారు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ ఆశ్చర్యం తొలిప్రతి ఊపులో కలగలేదు, దిద్దుబాటులో కలిగింది. స్ఫూర్తి మొదటి రోజే వచ్చి పోతుందని ఎవరు చెప్పారో గానీ, వారు దిద్దడాన్ని అచ్చుతప్పులు చూడటమని అనుకుని ఉంటారు.

మీ రెండో నవల సంగతికొస్తే, అది పాడైపోలేదు, దానికి ప్రణాళిక వేసే సమయం ఇప్పుడు వచ్చింది. అరవై వేల పదాలనూ మళ్ళీ చదువుతూ ఒక్కో సన్నివేశానికి ఒక్కో వరుస చొప్పున రాయండి: ఎవరికి ఏం కావాలి, సన్నివేశం అయ్యేసరికి ఏం మారింది. మార్పు గడి ఖాళీగా మిగిలిన సన్నివేశాలను పక్కన పెట్టండి. ఒకే పని చేసే పాత్రలిద్దరినీ ఒక్కరిని చేయండి. మేనమామ బతికి ఉండాలో లేదో ఆ పట్టికే చెబుతుంది. నా అనుభవంలో రాసేసినదానికి వేసిన పట్టిక, రాయబోయేదానికి వేసినదాని కంటె ఎక్కువ నిజం చెబుతుంది.

అర్ధవిరామం (మంగళవారం, ఉదయం 10.05)

రెండోప్రతి గారి మాట విన్నాక నాకొక చిన్న అభ్యంతరం ఉంది. ప్రణాళిక ముందు వేసినా ప్రణాళికే, వెనక వేసినా ప్రణాళికే, మధ్యలో మార్చుకున్నా ప్రణాళికే అంటే ఇక ప్రణాళిక కానిదేమిటి? మాటను ఇంత సాగదీస్తే మన వాదనలో ఇద్దరమూ గెలిచినట్టవుతుంది, పిల్లకాలువ గారికి మాత్రం రేపు ఉదయం ఏం చెయ్యాలో తెలియదు.

నూలుపోగు (మంగళవారం, మధ్యాహ్నం 2.20)

అర్ధవిరామం గారి అభ్యంతరం న్యాయమైనదే. రేపు ఉదయం సంగతే మాట్లాడుకుందాం.

కార్డు మీద ఉన్నది ‘తగాదా’. తగాదా అన్నది ఒక సంఘటన. ఆ సంఘటన చేత రచయిత చేయించదలచుకున్న పని వేరే ఉంది: తమ్ముడు ఇల్లు ఇంకొకరికి ఇస్తానని మాట ఇచ్చిన సంగతి అక్కకు తెలియాలి, ఆమె ఆ ఇంట్లో ఆ రాత్రి ఉండలేకపోవాలి. ఈ రెండూ జరగకపోతే పన్నెండో అధ్యాయం నడవదు. కార్డు మీద ఆ పని రాసుకుని ఉంటే, అది తగాదా వల్ల జరిగినా, మౌనం వల్ల జరిగినా మీకు అభ్యంతరం ఉండేది కాదు. మీరు పనికి బదులు సంఘటనను రాసుకున్నారు, అందుకే పాత్రలు వేరే దారిలో అదే చోటికి వెళుతుంటే మీరే చెయ్యి పట్టి వెనక్కి లాగారు.

నా కథల్లో కూడా నేను రాసుకునేది ‘ఆధారం దొరుకుతుంది’ అని కాదు, ‘ఈ అధ్యాయం అయ్యేసరికి పాఠకుడికి ఫలానావాడి మీద అనుమానం పోవాలి’ అని. ఎలా పోతుందో రాసే రోజున చూసుకుంటాను. ఒకసారి అది ఒక చెప్పుల జత వల్ల పోయింది, దాని గురించి నేను ముందు ఎక్కడా అనుకోలేదు.

ఇక ఆ టార్చి వెలుగులో ఆ పని జరగగలదా అన్నది మీరు రాసి చూడవలసిందే.

గడియారపుముల్లు (మంగళవారం, సాయంత్రం 6.00)

నూలుపోగు గారి తేడా నాకు ముందే తెలిసి ఉంటే ఆ గుమాస్తా బతికేవాడు.

అర్ధవిరామం (మంగళవారం, రాత్రి 7.45)

పనిని రాసుకోవడం వరకు నాకు అభ్యంతరం లేదు. ఒక్క షరతు: ఆ పని కూడా మారవచ్చు. టార్చి పట్టుకున్న ఆ అక్క ఆ రాత్రి అక్కడే ఉండిపోవాలనుకుంటే, పన్నెండో అధ్యాయాన్ని మార్చుకోవాలి గానీ ఆమెను గుమ్మం దాటించకూడదు.

పిల్లకాలువ (బుధవారం, రాత్రి 11.10)

ఇవాళ ఉదయం ఆ సన్నివేశం మళ్ళీ రాశాను. తగాదా కార్డు తీసి సొరుగులో పెట్టాను. ఆమె టార్చి పట్టుకుంది. అతను మేకు మార్చాడు. అమ్మబోయే ఇంటికి ఇంత శ్రద్ధగా గడియ బిగించడం ఆమెకు వింతగా తోచి, “ఇప్పుడెందుకురా ఇది?” అంది. అతను తలెత్తకుండానే, “గురువారం వాళ్ళు చూడటానికి వస్తున్నారక్కా” అన్నాడు. ఆ మాట అన్నాక గాని తానేమన్నాడో అతనికి తెలియలేదు. టార్చి కదల్లేదు. ఆమె అలాగే పట్టుకుని, అతను మేకు పూర్తిగా బిగించేదాకా నిలబడింది. ఆ తర్వాత టార్చి ఆర్పి, మెట్టు మీద పెట్టి, సంచి అందుకుంది.

సంచి తీసుకుని ఎటు వెళ్ళిందో ఇంకా రాయలేదు. అర్ధవిరామం గారి షరతు అక్కడ నన్ను ఆపింది. లోపలికి వెళ్ళి పడుకోవచ్చు కూడా. గురువారం వాళ్ళు వచ్చేసరికి ఆమె ఆ ఇంట్లోనే ఉంటే, పన్నెండు నుంచి పదిహేను దాకా నాలుగు అధ్యాయాలు పోతాయి. వాటిలో రెండు నాకు మొదటినుంచీ అంతగా నచ్చలేదన్న సంగతి ఇప్పుడు ఒప్పుకోవడానికి అభ్యంతరం లేదు.

రెండోప్రతి (గురువారం, ఉదయం 8.15)

“ఎటు వెళ్ళింది” అన్నది ఒకటి రెండు రోజులు అలాగే ఉంచండి. నాదొక చిన్న ప్రశ్న. ఆ పెరటి గడియ పడదన్న సంగతి పదకొండో అధ్యాయానికి ముందు ఎక్కడైనా పాఠకుడికి తెలుసా?

పిల్లకాలువ (గురువారం, ఉదయం 8.50)

తెలియదు. రెండో అధ్యాయంలో తండ్రి బతికి ఉండగా ఒక గాలివాన రాత్రి ఉంది. తలుపు కొట్టుకుంటూ ఉంటే ఆయన లేచి వెళ్ళి దానికి పీట అడ్డం పెట్టవచ్చు. కార్డు తీసి ‘గడియ’ అని రాశాను, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.